వార్షికోత్సవంలో అత్తమ్మ

పారాదీప్‌లో ఉన్న మావారికి హౌరా నుంచి పుష్పరాణి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అత్తమ్మ, సాహిత్య, నేను క్షేమం. అక్కడ మీ ఒంట్లో ఎలా ఉందో, క్రేను మీద రాత్రి డ్యూటీలు తగ్గించారో లేదో తెలియజెయ్యండి. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటా అనుకుంటారు. మనది ఒక్క గది ఇల్లు. నేను ఫోన్ పట్టుకుంటే అత్తమ్మ పక్కనే ఉంటుంది. ఇది ఆమె ముందు మాట్లాడగలిగిన సంగతి కాదు. కూర్మయ్య బావ మీ దగ్గరికే వస్తున్నాడని తెలిసి, అత్తమ్మ కూరలకు బజారుకెళ్ళిన వేళ చూసుకుని రాస్తున్నాను.

మన లైన్లో కుళాయి మళ్ళీ పాడయింది. సాహిత్యకు తెలుగులో తన పేరు రాయడం వచ్చింది. ‘హి’కి గుడి పెట్టడం మాత్రం మరిచిపోతుంది. గుర్తు చేస్తే, బడిలో ఎవరూ అడగని అక్షరాలు నాకెందుకు అంటుంది. అచ్చం మీ పోలికే.

కూర్మయ్య బావ చేత పంపిన చీటీలో మీరు రెండు మాటలు అడిగారు. సాహిత్య డాన్సు వీడియో ఎందుకు పంపలేదని ఒకటి, అమ్మ కాళ్ళెందుకు వాచాయని ఒకటి. ఫోన్లో ఏదో చెప్పి తప్పించుకున్నాను. రెంటికీ జవాబు ఒక్కటే. ఓపిగ్గా చదవండి.

వార్షికోత్సవం రోజు అత్తమ్మ పొద్దున్నే తలంటు పోసుకుని, మీరు దుర్గాపూజకు కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. బీపీకి ఇచ్చిన నీళ్ళు పోయే మాత్ర మాత్రం వేసుకోనంది.

“ఇయ్యాల ఒగ్గీయే. రేపేసుకుంతాను” అంది.

“డాక్టరు ఒక్కరోజు కూడా మానొద్దన్నాడు కదత్తా. అంత పెద్ద బడిలో బాత్‌రూమ్ ఉండదా ఏటి?” అని నేనే బలవంతాన మింగించాను.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. ప్రసంగాలు సాగుతూనే ఉన్నాయి. పేరెంట్ల కమిటీలో ఉన్నాను కదా, బ్యాడ్జీ పెట్టుకుని పక్క వరసలో కూర్చున్నాను. అత్తమ్మను నా పక్కనే, చివరి కుర్చీలో కూర్చోబెట్టాను. కాసేపటికి నా మోచెయ్యి తట్టింది.

“రాణీ, ఒకపాలి బయటికెల్లాలే.”

వెనకవైపు వరండాలో ఉంటుందని చూపించాను. వెళ్ళి వచ్చేసింది.

“తాళమేసి ఉంది. దర్వాన్‌ని అడిగినాను. ‘ఆజ్ బంధో, మాషీమా’, ఇయ్యాల మూసీసినారు అంతన్నాడు. రోడ్డు మీదకెల్లి ఎతుక్కోవాలట. నాకా దారులేటి తెలుసు?”

“కొంచెం ఓర్చుకో అత్తా. ఇంకొక్క పాట అయితే మన పిల్లదే” అన్నాను.

ఆ ఒక్క పాట తర్వాత ఇంకేదో నాటకం పెట్టారు. అత్తమ్మ మరోసారి నా వైపు చూసింది. ఈసారి ఏమీ అడగలేదు. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

చివరికి సాహిత్య వాళ్ళు స్టేజీ మీదకొచ్చారు. తల్లులు, తండ్రులు అందరూ ఫోన్లు పైకెత్తి లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. “లే అత్తా, కనపడదు నీకు” అన్నాను. ఆమె లేవలేదు. తల వంచి చూశాను. కుర్చీ కింద సిమెంటు నేల మీద నీళ్ళు కాలువకట్టి ముందు వరస దాకా పారుతున్నాయి. వెనకాల కూర్చున్నావిడ చెప్పులు పైకి లాక్కుంది. ఒక చిన్నపిల్ల పెద్దగా ఏదో అని నవ్వింది. పాట మాత్రం ఆగలేదు. సాహిత్య స్టేజీ మీంచి చూసింది. చెయ్యి ఎత్తాల్సిన చోట ఎత్తడం మరిచిపోయి, పక్క పిల్లలు తిరిగిపోతున్నా అలాగే నిలబడిపోయింది. వీడియో లేదు. తీయలేదు.

నా చున్నీ అత్తమ్మ నడుముకు చుట్టి బయటికి తీసుకొచ్చాను. గేటు దగ్గర టోటో రిక్షా పిలిస్తే ఎక్కనంది.

“ఆ అబ్బాయి సీటు పాడైపోద్ది. ఎనకాల ఎక్కినోల్లు ఏటనుకుంతారు? నడుద్దారి.”

తడి చీరతో ఇంటిదాకా నడిచింది. నేను పక్కన కూడా నడవలేదు. రెండడుగులు వెనక నడిచాను. వెనకనుంచి చీర ఎవరికీ కనపడకూడదని అనుకున్నానో, ఆమె ముఖం చూడలేకపోయానో నాకే తెలియదు.

ఆ మర్నాటి నుంచి ఆమె నీళ్ళు తాగడం తగ్గించేసింది. మాత్ర వేసుకున్నానని చెప్పి చాప కింద దాచేది. పక్క దులుపుతుంటే బయటపడ్డాయి. అప్పటికే పాదాలు ఉబ్బిపోయాయి. డాక్టరు నన్ను కేకలేశాడు. ఇప్పుడు మాత్ర నా ఎదురుగానే మింగుతోంది, వాపు దిగుతోంది. ఆ విషయంలో బెంగ పెట్టుకోకండి.

ఇంతవరకూ రాసింది చదివి ఎవరైనా బడివాళ్ళనే తిడతారు. మీరూ తిట్టుకుంటూ ఉంటారు. అసలు మాట ఇంకా రాయలేదు.

ఆ తాళం వెయ్యమన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వార్షికోత్సవానికి ముందు కమిటీ మీటింగులో, కమిటీ పెద్ద సుదేష్ణా దీ, కిందటేడు బాత్‌రూములు పాడుచేసి పోయారని, డాకు కూలీల లైన్ల నుంచి వచ్చేవాళ్ళకు వాడుకోవడం తెలియదని అంది. అక్కడ డాకు లైను మనిషిని నేనొక్కదాన్నే. అందరూ నన్ను చూడకముందే నేనే చెయ్యెత్తి, “అవును దీదీ, తాళం వేసేద్దాం” అన్నాను. మనం వాళ్ళలాంటి వాళ్ళం కాదని చూపించుకోవాలనిపించింది. మనింట్లోనే ఒక పెద్దావిడ ఉందని గుర్తు రాలేదు. తాళం సంగతి తెలిసే ఆ పొద్దున మాత్ర మింగించాను. ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాను.

ఇంకా ఉంది. ముఖ్య అతిథికి అవసరమవుతుందని ఆ తాళంచెవి ఒకరి దగ్గర ఉంచారు. ఆ ఒకరు నేనే. అత్తమ్మ నా మోచెయ్యి తట్టినప్పుడు అది నా సంచీలో, నా ఒళ్ళోనే ఉంది. లేచి తీస్తే సుదేష్ణా దీ చూస్తుంది, తన మనిషికైతే తీసింది అంటారు అనుకున్నాను. అందుకని తాళమేసి ఉందని తెలిసీ వరండా చూపించాను, తిరిగొస్తే మీ అమ్మను ఓర్చుకోమన్నాను.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు ఇది దాచుకోలేక అత్తమ్మ కాళ్ళు పట్టుకుని చెప్పేశాను. ఆమె నా తల నిమిరింది.

“తెలుసే అమ్మీ. బడి పండగ ముందురోజే సాహిత్య సెప్పినాది, అమ్మకి బడి తాళాలిచ్చీసినారని మురిసిపోయింది. నువ్వే తీస్తావని నానూ సూసినాను. నువ్వు తియ్యనేదు. అంత మందిలో నీకు సిన్నతనమైపోద్దేమోనని నోరు మూసుకున్నాను. మా వోడికి మాత్రం సెప్పకు. నిన్ను కసురుతాడు.”

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు ఏడ్చానో. మీకు చెప్పొద్దన్నది కూడా నన్ను కాయడానికే. అందుకే చెబుతున్నాను. కసరండి.

తర్వాతి మీటింగులో లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ కుర్చీలో కూర్చున్నది మా అత్తగారని, తాళంచెవి నా సంచీలోనే ఉందని. కడుపుతో ఉన్న ఒకావిడ, ఆ రోజు తను ఉండబట్టలేక పాప పాట చూడకుండానే ఇంటికి పరుగెత్తానంది. షుగరున్న ఒకాయన, అసలు అందుకే ఆ రోజు రాలేదన్నాడు. చివరికి సుదేష్ణా దీయే, ఇక ఏ కార్యక్రమం జరిగినా బాత్‌రూములు తెరిచి ఉంచాలని, కమిటీవాళ్ళు వంతులవారీగా దగ్గరుండి కడిగించాలని రాయించింది. మొదటి వంతు నేను అడిగి తీసుకున్నాను.

మొన్న ఆటల పోటీలకు అత్తమ్మ రానంటే సాహిత్య మెడ పట్టుకుని వేలాడింది. మాత్ర వేసుకునే వచ్చింది. సరిగ్గా పరుగు పందెం మొదలయ్యే ముందు నా వైపు చూసింది. ఈసారి అడగనివ్వలేదు. చెయ్యి పట్టుకుని, జనం మధ్యనుంచి, అందరూ చూస్తుండగా తీసుకెళ్ళాను. మేం వచ్చేసరికి పందెం అయిపోయింది. సాహిత్యకు మూడో బహుమతి వచ్చిందట. ఇద్దరిలో ఒక్కరూ చూడలేదని మూతి ముడుచుకుంది, తర్వాత నాన్నమ్మ ఒళ్ళో కూర్చుంది.

అంతా సర్దుకుందని మీకు రాయాలని ఉంది. రాయలేను. నిన్న కూర్మయ్య బావ ఇంట్లో భోజనానికి పిలిచారు. గడపలో అడుగు పెట్టగానే అత్తమ్మ వాళ్ళావిణ్ని పలకరించలేదు. కళ్ళతో ఇల్లంతా వెతికి, నా చెవిలో, “ఈలింట్లో అది ఎటేపుందే?” అని అడిగింది. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ముందు అదే అడుగుతోంది. పెద్దరికంగా తలెత్తుకుని నలుగురి ఇళ్ళకీ వెళ్ళే మనిషిని అలా చేసింది నేను.

ఆమెతో ఫోన్లో ఈ మాట ఎత్తకండి. నాతో మాత్రం మాట్లాడండి. ఏమన్నా పడతాను.

ఇట్లు,
మీ అమ్మ కోడలు
పుష్పరాణి