బ్రేకు చేసినవాడి సీటు

అమ్మా,

"పగ సంగతి దేవుడికి వదిలెయ్‌రా, అది నీ పని కాదు" అని నిన్న ఫోన్ పెట్టేశావు. మన చిన్నోణ్ణి గుద్ది చంపిన లారీ డ్రైవరు రిపేరుకని మా షెడ్డుకొచ్చాడు అన్నానో లేదో, మిగతాది వినకుండానే పెట్టేశావు. వదిలేస్తానమ్మా. మరి దేవుడు ఆ మనిషిని తెచ్చి సరిగ్గా నా చేతుల్లోనే ఎందుకు పెట్టాడో, అది కూడా నువ్వే చెప్పు.

సరే, ముందు క్షేమం రాయాలి కదా. నేనూ నాన్నా ఉన్నాం, బానే ఉన్నాం అనుకో. అక్కా నువ్వూ బాగుండాలి. బడి ఎగ్గొట్టినవాడి రాత ఇది, ఒత్తులు తప్పిన చోట నువ్వే వేసుకో. ఫోన్లో నువ్వు ఏడుపు అందుకుంటే నాకు మాట రాదు. అందుకే భోజనాల టైములో షెడ్డు మేడ మీద, పాత టైర్ల మధ్య కూర్చుని రాస్తున్నా.

నాన్న మాత్రలు మింగుతున్నాడా అని అడిగావు. నేను ఎదురుగా నిలబడితే మింగుతాడు. వంట ఆయనదే. గిన్నె మాడ్చేసి, మంచి రంగొచ్చింది అంటాడు. అక్కకి నొప్పులు మొదలైతే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి. నిన్న నీ వెనక నుంచి నన్ను తిట్టిన తిట్లు విన్నా. ఆ ఓపిక ఉన్న మనిషికి కాన్పు ఒక లెక్కా.

ఆదివారం చర్చికి వెళ్ళావా అన్నావు. వెళ్ళాం. చివరి బెంచీలో కూర్చున్నాం. పరలోక ప్రార్థనలో క్షమించే ముక్క దగ్గరికి వచ్చేసరికి నా నోరు మూసుకుపోయింది. చూస్తే పక్కన నాన్న గొంతు కూడా అక్కడే ఆగింది. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

కోర్టు వరండాలో నువ్వు ఆ డ్రైవరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు. ఎంత తల్లి మనసు అని జనం కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. చిన్నోడికి తల దువ్వే చెయ్యమ్మా అది.

ఆ రోజు నీ వెనక నిలబడ్డవాణ్ణి నేనే అని వాడికి తెలుసు. తెలిసే వచ్చాడు. మేస్త్రికి ఇవేవీ తెలియవు. వాడు లారీ దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చి, "ఆ రోజు బ్రేకు పడలేదు బాబూ. ఈసారి నువ్వే చెయ్యి" అన్నాడు. నేను లారీ కిందికి దూరాను.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. బ్రేకు ఎవడు చేస్తే వాడే ట్రయల్‌కి డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలి. నీ ప్రాణం పెట్టలేని పని ఇంకొకడి బండికి చెయ్యకు అంటాడు మేస్త్రి. ఈ పొద్దున పనయ్యాక ఆ డ్రైవరు మేస్త్రితో ఏమన్నాడో తెలుసా? అబ్బాయి ఎక్కొద్దు, ట్రయల్‌కి నేనొక్కణ్ణే వెళ్తా అన్నాడు. మేస్త్రి నవ్వి, ఏం, మావాడి పని మీద నమ్మకం లేదా అన్నాడు.

"ఉంది. అందుకే" అన్నాడు వాడు. నా వైపు చూడలేదు.

ఇంక అసలు సంగతి. ఇందాకట్నుంచీ చుట్టూ తిరుగుతున్నా గానీ రాయలేకపోతున్నా. ముందు చక్రం దగ్గర బ్రేకు పైపు నట్టు నేను బిగించలేదమ్మా. చేత్తో తిప్పి వదిలేశా. మర్చిపోలేదు, చూస్తూ చూస్తూనే వదిలేశా. మెల్లగా తొక్కితే బ్రేకు పడుతుంది. దిగుడులో గట్టిగా తొక్కితే పైపు ఊడిపోతుంది.

షెడ్డు గేటు దాటితే అంతా దిగుడే. పొద్దున్నించీ ఆ దిగుడులో నాకు వాడొక్కడే కనపడ్డాడు. ఇందాక ముద్ద నోట్లో పెట్టుకుంటే కింద సైకిలు బెల్లు వినపడింది. మధ్యాహ్నమైనా సాయంత్రమైనా బడి వదిలితే పిల్లలు సైకిళ్ళ మీద వచ్చేది ఆ దిగుడు చివరి మలుపులోంచే. గిన్నె మూత పెట్టేశా.

క్షమించానని మాత్రం అనుకోకు. నువ్వు అనగలిగావు, నాకు ఆ మాట నోటికి రావట్లేదు. కానీ నట్టు బిగిస్తా. ట్రయల్‌కి పక్క సీట్లో కూడా కూర్చుంటా, వాడు వద్దన్నా సరే. ప్రస్తుతానికి నావల్ల అయ్యేది ఇంతే. మిగతాది నీ దేవుడు చూసుకుంటాడంటున్నావుగా, చూసుకోనీ.

ట్రయల్ సాయంత్రం. ఇంకా బోలెడు టైముంది. ఈ కాగితం మడిచి కిందికి దిగుతా.

ఇట్లు,
నీ పెద్దోడు

అమ్మా, కింద ఇంజను స్టార్టయింది. ఆ లారీదే, ఆ చప్పుడు నాకు తెలీదా. ఇప్పుడే ఎవడు తియ్యమన్నాడు. స్పానరు నా జేబులోనే ఉంది. గేటు తీస్తున్నారు. వెళ్ళాలి