బుగ్గలో ముద్ద

జూన్ 9
కరెంటు పోయింది. రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగాయని లేచాను. ఇంతలో గట్టు మీద జనరేటర్ అందుకుంది. మళ్ళీ కూర్చున్నాను. టీవీ ఆగింది. మనవరాలు చిన్ని నోరూ ఆగింది. బుగ్గలో ముద్ద అలాగే ఉంది... నమలదు, మింగదు, ఉమ్మదు. చూపు నల్లబడిన టీవీ మీదే. కరెంటు వచ్చాక దవడ కదిలింది.
భయం వేసింది. తుఫాన్లకి భయపడని వాణ్ణి. రాయడానికి సిగ్గు.

జూన్ 10
కోడలు సత్యవతితో అన్నాను. టీవీ పెడితే గిన్నెడన్నం పోతుందండి మావయ్యగారూ, ఆపితే మెతుకు దిగదు అంది. పోతుంది, నిజమే. పిల్లకే తెలియకుండా పోతుంది. పప్పా పెరుగా అని కూడా చూడదు. ముద్ద తగిలితే నోరు తెరుస్తుంది.

జూన్ 12
తిన్నదంతా వాంతి. టీవీలో బొమ్మలు అయిపోయేదాకా కోడలు పెడుతూనే ఉందట. చెరువైనా అంతే. మేత ఎక్కువైతే అడుగు కుళ్ళిపోతుంది.

జూన్ 13
భీమవరం. డాక్టరమ్మ చిన్నది, మాట మాత్రం పెద్దది. చూపంతా అటుంటే కడుపు నిండిన సంగతి పిల్లకెలా తెలుస్తుంది అంది. తినేటప్పుడు టీవీ వద్దు, బలవంతం వద్దు, ఆకలేస్తే అదే అడుగుతుంది అంది.
ఇంటికి రాగానే డిష్ వైరు పీకేశాను. ఎవరినీ అడగలేదు. నా ఇల్లు.

జూన్ 14
తినలేదు. అడగనూ లేదు.

జూన్ 15
పాలు తాగింది. అరటిపండు సగం. అన్నం ముట్టలేదు. కోడలు నాతో మాట్లాడటం లేదు. కొడుకు అన్నాడు, "పిల్లని పెంచడమంటే రొయ్యల్ని మేపినట్టు కాదు నాన్నా."
నాకు తెలిసింది అదే మరి. మేత చల్లాక చెక్ ట్రేలో కాస్త వేసి నీళ్ళలోకి దింపుతాం. కాసేపాగి లేపుతాం. ఖాళీగా ఉంటే చెరువు బాగున్నట్టు. మేత మిగిలిందా, జబ్బు. అలా మేత మిగిలిన ఏడాది రొయ్యంతా చచ్చి తేలింది. ఇప్పుడు పిల్ల పళ్ళెం చూస్తే అదే గుర్తొస్తోంది.

జూన్ 16
ఉపాయం తట్టింది. చిన్న పళ్ళెంలో నెయ్యన్నం ముద్దలు చేసి అరుగు మీద పెట్టాను. చిన్ని అక్కడే ఆడుకుంటోంది. తినమని అనలేదు. లోపలికి పోయాను. తిరిగి వచ్చి చూస్తే ఖాళీ.
కోడల్ని పిలిచి చూపించాను. "మేపడం అంటే ఇదీ అమ్మా" అన్నాను.

జూన్ 17
మళ్ళీ ఖాళీ. మీసం దువ్వుకున్నాను.

జూన్ 18
పిల్లి.
తలుపు సందులోంచి చూశాను. పిల్లి తింటోంది. చిన్ని దాని వంక చూస్తోంది, అచ్చం టీవీ చూసినట్టు. నోరు తెరుచుకుని. చెరువులో ట్రే దగ్గరికి పిల్లి రాదు. నా బుర్రకి తట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను... తేలికైంది పిల్ల. సత్యవతికి ఏ మొహంతో చెప్పాలి.

జూన్ 19
చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది. వైరు పెట్టేయండి మావయ్యగారూ, కడుపులో ఏదో ఒకటి పడనివ్వండి అంది. వైరు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పెట్టలేదు. పెట్టనని చెప్పే ధైర్యమూ లేకపోయింది.

జూన్ 20
చిన్నిని గట్టుకి తీసుకుపోయాను. ట్రే లేపాను. ఖాళీ. ఒక రొయ్యని పట్టి ఎండకి ఎత్తి చూపించాను. నల్లగా గీత ఉంది చూడమ్మా, అది పేగు, దీని కడుపు నిండింది అన్నాను. చాలాసేపు చూసింది.
తర్వాత నేను క్యారేజీ విప్పి తింటుంటే చెయ్యి చాపింది. ముద్ద పెట్టాను. నమిలింది. ఇంకోటి. అదీ నమిలింది. ఇంకో ముద్ద కలిపాను.
పిల్ల గౌను ఎత్తి, పొట్ట ఎండకి పెట్టి నిలబడింది.
"చూసి చెప్పు తాతయ్యా. నా కడుపు నిండిందా?"
ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చూశాను... ఏమీ కనపడలేదు.