సాంచాల మోతలో చెప్పిన మాట

జూలై 14. జగిత్యాల, హాస్టల్.

లిస్టులో నా పేరు లేదు. పదిహేను వందల మీటర్లలో రెండేళ్లుగా కాలేజీ ఫస్ట్ నేనే. సింధూజ అన్న పేరు లేకుండా ఆ లిస్టు టైప్ చేయడానికి చేతులెలా వచ్చాయో!

పీఈటీ మహిపాల్ సార్‌ని వెళ్లి అడిగాను. గుండెల బాధ ఉన్నదని ముందుగాల ఎందుకు చెప్పలే, మీ అమ్మ ఫోన్ చేసి ఒక్కతీర్గ ఏడ్చింది, రేపు ఏమన్నైతే నా మెడకు సుట్టుకుంటది అన్నాడు. గుండె బాధా? నాకా? డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే మళ్లీ పేరు ఎక్కిస్తాడట. యూనివర్సిటీ సెలక్షన్స్ ఆగస్టు 12న, కోరుట్ల గ్రౌండ్‌లో. ఇంకా ఇరవై తొమ్మిది రోజులున్నాయి.

అమ్మకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూలై 15.

ఎత్తింది. ఎండకు నల్లవడుతున్నవ్ బిడ్డా, అందుకే వద్దన్న అంది. వానాకాలం అమ్మా, ఎండెక్కడిది? గుండె బాధ అని ఎందుకు చెప్పావంటే ఫోన్ పెట్టేసింది.

జూలై 17. ఉదయం 6.10.

కోపంతో పరిగెత్తాను. 5 నిమిషాల 12 సెకన్లు. నా బెస్ట్.

జూలై 19.

గుండె డాక్టర్ విజయ గారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. సర్టిఫికెట్ తెచ్చి సార్ టేబుల్ మీద కొట్టాలని పోయాను. బీపీ 138/88. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ తీస్తే 136/86. పందొమ్మిదేండ్లకు జర ఎక్కువనే ఉన్నది అంది. ఈసీజీ బాగానే ఉందట. ఎకో తీస్తుందట, ఇరవై నాలుగు గంటల బీపీ మిషన్ పెడుతుందట. ఒక ఫారం ఇచ్చింది. పుట్టినప్పుడు బరువెంత, నెలలు నిండినాయా, కడుపు కోసం ఏమన్న ట్రీట్‌మెంట్ తీసుకున్నరా, అమ్మను అడిగి నిజం రాసుకరా అంది. అప్పటిదాకా సర్టిఫికెట్ లేదు.

భయం వేసింది. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. చాలా భయం వేసింది.

జూలై 20. సిరిసిల్ల.

ఫారం అమ్మ ముందు పెట్టాను. అన్నిటికీ నార్మల్, నార్మల్ అని రాసింది. చేతిరాత వంకర పోయింది. నువ్వు రాజన్న ఇచ్చిన బిడ్డవు, ఏడాదికోపారి కోడెను కడుతలేమా అంది. నాయనమ్మ వజ్రమ్మ అవునవునని తలూపింది. ఈ కథ నాకు నోటికొచ్చు. పెళ్లయిన పదకొండేళ్లకు, వేములవాడ రాజన్న గుడిలో కోడెదూడను కడతామని మొక్కితే నేను పుట్టాను.

సాయంత్రం నాన్నకు టీ తీసుకుని షెడ్డుకు వెళ్లాను. నాన్న గోవర్ధన్‌వి ఎనిమిది సాంచాలు, బట్ట నేసే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకే షెడ్డులో మాటలన్నీ పెదవులతోనే. గొంతు చించుకోకుండా నోరు పెద్దగా తిప్పుతారు, చేతులు ఆడిస్తారు. నేను పలక పట్టకముందే పెదవులు చదవడం నేర్చుకున్నాను. గుమ్మంలో ఆగాను. అవతలి చివర అమ్మ నాన్నతో మాట్లాడుతోంది. నన్ను చూడలేదు.

ఒక్క అక్షరం వినపడలేదు. అన్నీ కనపడ్డాయి.

ఫారంల ఎట్ల రాయాలె, టెస్ట్ ట్యూబ్ బిడ్డ అని ఎట్ల రాయాలె? గా ఫోన్ల అచ్చింది నిజమేనా, గసొంటి పిల్లల గుండె కరాబైతదని?

టీ గ్లాసు గుమ్మంలోనే పెట్టి వచ్చేశాను.

జూలై 22.

ఈ రోజు నేరుగా అడిగేశాను. అమ్మ మొదట కిటికీలు మూసింది, తర్వాత తలుపు, తర్వాత కూర్చుని ఏడ్చింది. హైదరాబాద్‌లో మూడుసార్లు చేయించుకుందట. రెండుసార్లు నిలబడలేదట. మూడోసారి నేను. వాడకట్టోళ్లకు తెలిస్తే నిన్ను ఏమంటరో అని రాజన్న పేరు చెప్పినం అంది. కోడె మొక్కిందీ నిజమేనట. మూడేళ్ల కింద ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పంపారట, అప్పటినుంచి నేను ఉరికినప్పుడల్లా తన పాణం గడగడలాడుతుందట. ఎవ్వలకు చెప్పుకోను బిడ్డా, చెప్పుకుంటే దాసింది బయటవడే అంది.

నేనూ ఏడ్చాను. కానీ కోపం పోలేదు. పోదు కూడా. నేనేమైనా సీసాలో పెరిగానా? తొమ్మిది నెలలూ అమ్మ కడుపులోనే ఉన్నాను, తన్నాను, బయటికొచ్చాను. రాజన్న ఇచ్చాడో, డాక్టర్ ఇచ్చిందో, ఇద్దరూ కలిసే ఇచ్చారో, నాకేం ఇబ్బంది లేదు. నా గుండె సంగతి ఎవడో వీడియోవాడిని నమ్మి నాకే దాచారు చూడండి, అది ఒళ్లు మండుతోంది.

జూలై 23.

షెడ్డులో సాయన్న ఉంటాడు. నేను పుట్టకముందు నుంచీ నాన్న దగ్గరే పని. ఊరికే అడిగాను, నేనెట్లా పుట్టానో నీకు తెలుసా అని. సాంచకు నూలు కండె మారుస్తూ పెదవులతోనే చెప్పాడు. ఎర్కే బిడ్డా, నువ్వు కడుపుల వడకముందుకెల్లే ఎర్కే. మీ అమ్మా నాయిన దవఖాన ముచ్చట్లన్ని గీ సాంచాల నడుమనే కదా మాట్లాడుకునేటోళ్లు, ఎవ్వలకు ఇనవడదనుకునేరు, పిచ్చోళ్లు!

షెడ్డు షెడ్డంతా తెలుసట. పందొమ్మిదేళ్లకు పైగా! వాళ్లు దాసిండ్రు, మేం దాసినం, గంతే అన్నాడు. మూడోసారి నిలబడిందని నాన్న పెదవులు చెప్పిన రోజు వీళ్లంతా తలలు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారట.

అమ్మకు చెప్పాను. కొమురెల్లికి సుత ఎర్కేనా అని అడిగింది. కొమురెల్లి ఎదురింటాయన, షెడ్డులో మూడో సాంచ నడుపుతాడు. ఆయనకూ తెలుసన్నాను. ఏనాడన్న ఒక్క మాటన్నడా అంది. అనలేదు కదా అన్నాను.

జూలై 24.

ట్రీట్‌మెంట్ అన్నచోట నార్మల్ కొట్టేసి ఐవీఎఫ్ అని నేనే రాశాను. కింద సంతకం అమ్మ పెట్టింది.

జూలై 28. జగిత్యాల.

డాక్టర్ గారు ఫారం చదివి కనుబొమ్మ కూడా ఎత్తలేదు. వెంట వచ్చిన అమ్మ ఆ వీడియో సంగతి అడిగింది. కొన్ని స్టడీలల్ల ఇట్ల పుట్టినోళ్లకు బీపీ జర ఎక్కువ కనవడ్డది, కొన్నిట్ల ఏం తేడా లేదు, ఈ పిల్లకు దానివల్లనే పెరిగిందని నేనైతే చెప్పలేను, చెప్పేటోళ్లను నమ్మకుండ్రి అంది. తెలిస్తే ఒక కన్నేసి ఉంచుతం, గంతే అంది. ఎకో తీస్తుంటే అమ్మ నా పాదం పట్టుకుని కూర్చుంది. తెర వైపు చూడలేదు.

జూలై 30.

చేతికి బీపీ మిషన్. అరగంటకోసారి పిసుకుతుంది. క్లాసులో గుర్ర్. మెస్సులో గుర్ర్. రూమ్మేట్ అక్షిత దానికి వార్డెన్ అని పేరు పెట్టింది.

ఆగస్టు 2.

ఎకో శుభ్రంగా ఉంది. బీపీ మాత్రం మామూలుకూ ఎక్కువకూ నడిమి గీత మీద నిలబడింది. పచ్చడి తగ్గించాలి, ఆర్నెల్లకోసారి రావాలి. మరి పరుగు అన్నాను. ఉరుకు, ఉరుకుడే నీకు మందు అంది డాక్టర్. సర్టిఫికెట్ ఫొటో మహిపాల్ సార్‌కి పంపాను. బొటనవేలి బొమ్మ పంపాడు. అంత ఏడిపించి బొటనవేలా!

రోజూ పప్పులో ఆవకాయ నంజుకున్నదాన్ని. ఇది మాత్రం అన్యాయం.

ఆగస్టు 11.

రేపు వస్తావా అని అమ్మను అడిగాను. డాక్టర్ చెప్పింది నమ్మిన గని, నువ్వు ఉరుకుతుంటే నా కండ్లతోని సూడలేను, రాను అంది. సరే. రాకపోయినా ఉరుకుతాను.

ఆగస్టు 12. కోరుట్ల.

సెకండ్. సెలెక్టయ్యాను.

చివరి రౌండులో మైకు, డప్పులు, ఈలలు. మలుపులో తాడు అవతల అమ్మ. పక్కనున్న ఎవరో ఒకామె మోచెయ్యి పట్టుకుని, నన్ను వేలితో చూపిస్తూ ఏదో చెబుతోంది. ఆ మోతలో నాకేమీ వినపడలేదు. పెదవులు కనపడ్డాయి.

టెస్ట్ ట్యూబ్ బిడ్డ. నా బిడ్డ. సూడుండ్రి ఎట్ల ఉరుకుతున్నదో.