మెడలో టేపు ఉన్న మనిషిని లోపలికి రానివ్వమని

బహిరంగ ఉపన్యాసాల అధికారి గారి సముఖమునకు,
విశ్వవిద్యాలయం.

అయ్యా,

విషయం: చైనా చరిత్ర, రాజకీయాలు, సంస్కృతి ఉపన్యాసాలకు వచ్చే ఒక టైలరును తలుపు దగ్గర ఆపివేయుట గురించి, అందుకు కారణమైన ఆకాశరామన్న ఉత్తరాన్ని రాసినవాడే వెనక్కి తీసుకొనుట గురించి.

నేను సిమెంటు కొట్టులో రోజువారీ లెక్కలు రాసే గుమాస్తాను. బడిలో చదివింది కొంచెం. మిగతాది పాత పుస్తకాల కొట్లో కొనుక్కుని చదువుకున్నాను. శనివారం సాయంత్రాలు ఎవరైనా వచ్చి వినవచ్చునని తమరు ఈ ఉపన్యాసాలు పెట్టినప్పటి నుంచి మానకుండా వస్తున్నాను. ముందు వరసలో గోడవైపు చివరి కుర్చీ నాది. నేను తమకు గుర్తుండకపోవచ్చు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడను.

హాలు తలుపు పక్కన ఉన్న సలహాల పెట్టెలో గత నెల తమకు సంతకం లేని ఉత్తరం ఒకటి దొరికి ఉంటుంది. చివర 'ఒక శ్రేయోభిలాషి' అని ఉంటుంది. అది రాసింది నేను. అందులోని అంశాలను వరసగా మళ్ళీ ఇక్కడ రాసి, ఒక్కొక్కదాని కింద జరిగినది మనవి చేసుకుంటున్నాను.

1. "మెడలో కొలత టేపుతో వచ్చు ఒక వ్యక్తి ఉపన్యాస సమయమున వెనుక వరుసలో నిద్రించుచున్నాడు."

కళ్ళు మూసుకునే మాట నిజం. పగలంతా సూదిలోకి దారం ఎక్కించే కళ్ళు. నిద్ర మాత్రం కాదు. పెద్ద గోడ గురించి చెప్పిన రోజు బయటికి వస్తూ నన్ను అడిగాడు. "అంత పొడుగు గోడ కదరా, దాని మీద పనిచేసేవాళ్ళకి భోజనం ఎవరు మోసేవారు? చివరివాడి దాకా వెళ్ళేసరికి చల్లారిపోదూ?" నిద్రపోయినవాడికి ఆ ప్రశ్న పుట్టదు. మెలకువగా కూర్చుని అన్నీ రాసుకున్న నాకు పుట్టలేదు.

2. "సదరు వ్యక్తి సభామర్యాదకు భంగము కలుగునట్లు ప్రశ్నలు వేయుచున్నాడు."

రాజసభ చిత్రాలు తెర మీద చూపించిన రోజు ఆయన లేచి, "మాస్టారూ, చొక్కా చేతులు అంత పొడుగ్గా కుట్టించుకుంటే వాళ్ళు చేతులెలా కడుక్కునేవారండీ?" అన్నాడు. హాలంతా నవ్వింది. ప్రొఫెసరు గారు కూడా నవ్వి, "తన పని తాను చేసుకోనక్కర్లేదని చూపించుకోవడానికే ఆ పొడుగు" అన్నారు. "అయితే మా తమ్ముడికీ అలాంటివే కుట్టాలండీ. ఇంట్లో తాగిన గ్లాసు తియ్యడు" అన్నాడు. మళ్ళీ నవ్వారు. ప్రొఫెసరు గారు తెర మీది చిత్రం మార్చడం కూడా మరిచిపోయారు. మర్యాదకు భంగం ఎవరికీ కలగలేదు. ముందు వరసలో ఒకడు చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, నవ్వులు ఆగేదాకా తల ఎత్తలేదు. ఆ తమ్ముణ్ణి నేనే.

3. "తేనీటి విరామమున ఇతర శ్రోతల వ్యక్తిగత వివరములను బహిరంగపరచుచున్నాడు."

ఇది చదివి తమరు ఏమనుకున్నారో తెలియదు. జరిగింది ఇదీ. టీ బల్ల దగ్గర లైబ్రేరియన్ గారు నన్ను, "మీరు ఏ కాలేజీలో చెప్తారండీ?" అని అడిగారు. అలాంటిదేమీ లేదని చెప్పవలసింది. నేను టీ ఊదుకున్నాను. ఆవిడ ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా లేచి పలకరించేవారు. నేను అప్పుడూ టీ ఊదుకుంటూనే ఉన్నాను. ఒక శనివారం అన్నయ్య వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "మావాడేనండీ. సిమెంటు కొట్టులో పద్దులు రాస్తాడు. వీడు కూడిన కూడికను ఇంకొకరు చూడనక్కర్లేదు" అన్నాడు. గొప్పగానే చెప్పాడు. ఆవిడ, "అలాగా, సంతోషమండీ" అన్నారు. అదీ మర్యాదగానే అన్నారు. నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడే ఉత్తరం రాశాను.

4. "కావున సదరు వ్యక్తిని ఇకమీదట అనుమతించకుండ తగు చర్య తీసుకొనవలెనని ప్రార్థన."

అయ్యా, నేను అర్జీలు చాలా రాశాను. వీధి కుళాయి కారుతోందని రాశాను. దీపం వెలగడం లేదని రాశాను. కుళాయి ఇంకా కారుతోంది. దీపం సంగతి చెప్పనక్కర్లేదు. నేను రాసిన వాటిలో వెంటనే అమలైంది ఈ ఒక్కటే.

తర్వాతి శనివారం మేమిద్దరం కలిసే వచ్చాం. వాచ్‌మన్ అన్నయ్య మెడ వైపు చూసి, "మిమ్మల్ని లోపలికి పంపొద్దన్నారండీ" అన్నాడు. అన్నయ్య మొదట వేళాకోళం అనుకుని నవ్వాడు. వాచ్‌మన్ నన్ను, "మీరిద్దరూ కలిసొచ్చారా?" అని అడిగాడు. నేను, "టైమవుతోంది" అన్నాను. అడిగిన దానికి అది జవాబు కాదు. అన్నయ్యే నా వీపు మీద తట్టి, "నువ్వు వెళ్ళరా, మొదలెట్టేస్తారు. ఏం చెప్పారో రేపు చెబుదువుగాని" అని నన్ను లోపలికి పంపాడు.

వెళ్ళాను. ఆ రోజు, పూర్వం ఒక మహారాణి కంచు పెట్టె చేయించిన సంగతి చెప్పారు. ఎవరైనా ఎవరి మీదైనా రాసి అందులో వేయవచ్చునట. వేసినవాడు మళ్ళీ తీసుకోవడానికి మాత్రం వీలుండదట. ప్రొఫెసరు గారు నవ్వుతూ, "మన తలుపు దగ్గరా ఒకటుంది, కాకపోతే చెక్కది" అన్నారు. అందరూ నవ్వారు. నేను కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏం చెప్పారని మర్నాడు అన్నయ్య అడిగితే, పన్నుల గురించి అని చెప్పాను.

ఆ తర్వాతి వారం ఆయన ఒక్కడే నాకంటే ముందు వెళ్ళి, తిరిగి వచ్చేశాడు. "టేపు తీసేసి వెళ్ళానురా. అయినా వద్దన్నారు. టేపు కాకపోతే ఇంకేం తప్పు చేశానో అది చెప్పరు" అన్నాడు. టేపు మళ్ళీ మెడలో వేసుకుని, "నువ్వు రాతకోతలు తెలిసినవాడివి. నా తరఫున ఒక అర్జీ రాసిపెట్టు. నేనే తీసుకెళ్ళి ఆఫీసరు గారి చేతికిస్తాను" అన్నాడు.

ఈ శనివారం చైనా పట్టు, దుస్తుల మీద ఉపన్యాసం ఉంది. నోటీసు చూసినప్పటి నుంచి ఆయనకు వేరే మాట లేదు. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతూ తన చొక్కాకి గుండీలు ఊడినా పట్టించుకోని మనిషి, తనకోసం కొత్త చొక్కా కుట్టుకున్నాడు. తెర మీద చూసినట్టు నిలబడి ఉండే కాలరు పెట్టాడు. వేసుకుని వచ్చి, "వాళ్ళదానిలాగే ఉందా? నువ్వు ముందు కూర్చుంటావుగా, దగ్గర్నుంచి చూసి ఉంటావు" అని అడిగాడు. ఉందన్నాను. నేను కాలరు వైపు చూడలేదు.

లెక్కల్లో తప్పు పడితే మేము చెరిపివేయం. తప్పు కనిపించేలా దాని మీద ఒక్క గీత కొట్టి, కింద సరైనది రాసి సంతకం పెడతాం. కాబట్టి నా మొదటి ఉత్తరాన్ని చింపవద్దని, అలాగే గీత కొట్టి దీనికి జతచేయించమని కోరుతున్నాను. మా అన్నయ్యను ఈ శనివారం నుంచి లోపలికి రానివ్వవలసింది. టేపు మెడలో ఉన్నా రానివ్వవలసింది. ఎవరో ఒకరిని ఆపితే తప్ప ఫైలు మూసివేయడం కుదరదంటే నన్ను ఆపండి. నా మెడలో గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు కనుక వాచ్‌మన్ సౌకర్యార్థం ఫోటో జతచేస్తున్నాను.

సిగ్గుపడుతూ రాసినా సరిచూసుకునే రాశానని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(సంతకం)
సిమెంటు కొట్టు గుమాస్తా,
పై టైలరుకు తమ్ముడు.

తా.క.: ఇప్పుడే అన్నయ్య వచ్చి, "అయిందా?" అన్నాడు. అయిందన్నాను. "చదువు, విందాం" అన్నాడు. గొంతు బాగాలేదన్నాను. "సర్లే, బస్సులో నేనే చదువుకుంటా" అని చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు. కవరు అంటించడానికి జిగురు సీసా తీశాను. మళ్ళీ మూత పెట్టేశాను. ఇది తమ చేతికి అందిందంటే, చదివి కూడా తెచ్చి ఇచ్చాడన్నమాట. ఆయన తమ ఎదురుగా నిలబడే ఉంటాడు. దయచేసి ముందు ఆయన్ని కూర్చోమనండి.