చంకన పెట్టుకుపోలేని డబ్బా

మామా,

బాగున్నావా అని అడగబోతే నాకే నవ్వొస్తోంది. అయినా ఏదో ఒకటి అడిగి మొదలుపెట్టాలి కదా... నువ్వు పోయి ఏడాది దాటింది. పోయిన నెలలోనే సంవత్సరీకం పెట్టాం. నీకిష్టమని అత్త ఓళిగలు చేసింది. నీ వంతు కూడా నీ తమ్ముడే తిన్నాడు.

ఆ తమ్ముడి సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

నీ కంప్యూటర్ ఆగిపోయింది మామా. సంవత్సరీకమైన వారానికే. మీట నొక్కితే ఒకసారి మూలిగి ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే ఆ మూలుగు కూడా లేదు. చూస్తే శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. వీధిలో మగ్గాలన్నీ కొత్త అంచుల కోసం కాచుకుని ఉన్నాయి. మనం కంప్యూటర్లో డిజైన్ గీసి ఇస్తేనే కదా వాళ్ళు దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించుకుని మగ్గానికి ఎక్కించుకునేది. ఆలస్యమైతే ఇంకొకరి దగ్గరికి పోతారు. అట్లా పోయినవాళ్ళు మళ్ళీ మన గడప తొక్కుతారా?

ఆ ఆదివారం పెనుకొండ నుంచి దిగాడు మహానుభావుడు, నీ తమ్ముడు రమేష్. ఫ్యాక్టరీలో బోల్టులు బిగిస్తాడు గానీ, మాట వింటే కంప్యూటర్‌ను కనిపెట్టింది తానే అనుకోవాలి. నీ డబ్బాను కనీసం చేత్తో కూడా ముట్టుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి తీర్పు చెప్పేశాడు. "ఇది సచ్చిపోయింది వదినా. గుజిరీకి ఏసేయ్. గేమింగ్ ల్యాప్‌టాప్ కొందాం."

గేమింగ్! చీర అంచులో నెమలి గీయడానికి గేమింగ్ ఎందుకో నాకు అర్థం కాలేదు. దాంట్లో బొమ్మలు తుపాకులు పట్టుకుని పరిగెత్తుతాయట. అంత వేగం ఉంటే డిజైన్ కూడా వేగంగా వస్తుందట. మన నెమలి ఎక్కడికి పరిగెత్తాలి మామా? అది అంచులో ఉన్నచోట ఉంటే చాలు కదా.

"యాడికంటే ఆడికి ఎత్తుకుపోవచ్చు వదినా" అని ఒకటే పాట. నేనెక్కడికి పోతాను? మగ్గం గుంత నట్టింట్లో ఉంది, నేను దాని పక్కన ఉన్నాను.

నువ్వుంటే ఒక్క మాటతో వాడి నోరు మూయించేవాడివి. పాతది బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్న లడాయి మన వీధిలో ఎప్పుడొచ్చినా నువ్వు చెప్పేది అదే... "ఒక పన్ను పుచ్చిపోతే ఆ పన్ను పీకిస్తారు గానీ, తలకాయే మార్చుకుంటారా అబ్బా?" మొదట ఆ డబ్బాలో ఏముండేది? తర్వాత ర్యామ్ పెంచావు, ఇంకో ఏడాది హార్డ్ డిస్క్ మార్చావు, ఆ తర్వాత పెద్ద తెర తెచ్చావు. "ఇది ఒక్కపారి కొనేది కాదే, పెంచుకునేది" అనేవాడివి. అప్పుడు నేను నవ్వేదాన్ని.

ల్యాప్‌టాప్‌లో ఒక మంచి గుణం ఉంది, కాదనను. కరెంటు పోయినా అది ఆగదు. మన యూపీఎస్ ఉందే, అది కుయ్యోమని అరుస్తూ చేసిన పని సేవ్ చేసుకునేంత టైమే ఇస్తుంది. అందుకని చూసి వద్దాం అని ఒప్పుకున్నాను. నీ డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, బస్సులో హిందూపురం తీసుకుపోయాం. దాంట్లోని డిజైన్లు బయటికి తీయించాలి కదా.

ఆ షాపు చూడాలి నువ్వు. లోపలికి పోతే కళ్ళు తిరిగాయి. ప్రతి కీబోర్డు కింద ఎరుపు, పచ్చ, నీలం దీపాలు, తిరునాళ్ళలో రంగులరాట్నం మాదిరి. ఛార్జర్ చేతికిచ్చాడు, ఇటుకంత ఉంది. పనిచేయబోయేది నేను. షాపు కుర్రాడు మాత్రం నా ముఖం కూడా చూడలేదు. నీ తమ్ముడి భుజం మీద చెయ్యేసి "ఏం గేమ్స్ ఆడతావ్ బ్రో?" అన్నాడు. ఈయన సిగ్గుపడ్డాడు! పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడి ఉండడు.

రేపు ఇంకా పెద్ద డిజైన్లు గీయాలంటే దీంట్లో ఏమేం మార్చుకోవచ్చు అని అడిగాను. "అంతదాకా యాడొస్తాదిలే అక్కా, అప్పటికి ఇంకోటి కొంటారు" అన్నాడు ఆ కుర్రాడు. వాడి లెక్కలో మనుషులు పుట్టిందే కొత్తవి కొనడానికి.

ఆ తర్వాత నీ తమ్ముడు నోరు విప్పాడు. నన్ను పక్కనే పెట్టుకుని, నేను లేనట్టే చెప్పాడు. "మా అన్న డిజైన్లన్నీ దీంట్లోకి ఎక్కించండి. పాస్‌వర్డ్ నాది పెట్టండి. వదినకు యాడ సాతనవుతాది, ఆమె దారం కండెలు చుట్టుకుంటాది. నేను పెనుకొండ రూములో కూసోని చేసుకుంటా."

అప్పుడు తెలిసింది మామా, ల్యాప్‌టాప్‌లో వీడికి నచ్చిన గుణమేమిటో. చంకన పెట్టుకుని పోవచ్చు! నువ్వు ఇన్నేళ్ళు గీసినవీ, నా కూడూ కలిపి పెనుకొండ బస్సు ఎక్కించాలని చూశాడు. డెస్క్‌టాప్‌ను అట్లా ఎత్తుకుపోలేడు. అది మన ఇంట్లో, నా కళ్ళ ముందు ఉంటుంది. ఒళ్ళు మండిపోయింది నాకు. అన్న పోయాడన్న ఏడుపు వీడికి ఎన్నాళ్ళుంది చెప్పు?

ఈలోగా షాపు కుర్రాడు డిస్క్ తీయడానికి డబ్బా పక్క రేకు విప్పాడు. విప్పీ విప్పగానే తుమ్మాడు. లోపల ఫ్యాన్ కనపడలేదు. పిడికెడు పట్టు నూగు, మధ్యలో తళతళమని జరీ ముక్కలు...

నాకు తల కొట్టుకోవాలనిపించింది. నువ్వు ప్రతి అమావాస్యకూ ఏం చేసేవాడివి? ఆ రోజు మగ్గం ఆపి, శుభ్రం చేసి పూజ చేసేవాళ్ళం. నువ్వు డబ్బా రేకు విప్పి, బ్లోయర్‌తో నూగంతా ఊదేసి, ఆ తర్వాత దానికి బొట్టు పెట్టేవాడివి. నువ్వు పోయాక ఏడాది పాటు ఇంట్లో పూజలు చేయకూడదంది అత్త. సరేనని పూజ ఆపాం. పూజతోపాటు ఊదడం కూడా ఆపేశాం! దేవుడికి సూతకం చెబితే దుమ్ము వింటుందా? ఇంట్లో ఇంతమందిమి ఉండి ఒక్కరికి తట్టలేదు. మన తెలివికి హారతి పట్టాలి.

ఆ కుర్రాడితో అంతా ఊదించి, ఒక్కొక్కటే పరీక్ష చేయించాను. వేడికి కాలిపోయింది లోపల కరెంటు అందించే పెట్టె ఒక్కటే. మిగిలినవన్నీ బతికే ఉన్నాయి. ఆ పెట్టె మార్చమన్నాను. ర్యామ్ పెంచి, వేగంగా ఉండే కొత్త డిస్క్ ఒకటి వేసి, పాత డిస్క్‌ను కూడా లోపలే ఉంచమన్నాను.

"నీకేం తెలుసు వదినా?" అని ఎగిరాడు నీ తమ్ముడు. "ఈ సంవత్సరం డిజైన్లన్నీ మీ అన్న పైనుంచి వచ్చి గీసిపోయినాడా?" అన్నాను. షాపులో అందరూ తిరిగి చూశారు. చూడనీ.

తిరుగు బస్సులో వాడు పోయి ముందు సీట్లో కూర్చున్నాడు. పెనుకొండలో వస్తానని కూడా చెప్పకుండా దిగిపోయాడు. నేను డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం దాకా కూర్చున్నాను. నువ్వు గుర్తొచ్చి ఏడ్చాను. పక్కన కూర్చున్నామె పాడైపోయిందా అని అడిగింది. బాగైందని చెప్పాను. ఆమెకు ఏమర్థమైందో...

ఇంటికొచ్చి తీగలన్నీ నేనే తగిలించాను. మీట నొక్కితే చప్పుడు లేకుండా లేచింది మామా. కొత్త డిస్క్ కదా, కంప్యూటర్ ఎవరిదో పేరు కొట్టమని అడిగింది.

చెయ్యి నీ పేరు మీదికే పోయింది. సగం కొట్టి ఆగిపోయాను. నువ్వున్నప్పుడు నేను గీసిన మామిడి పిందెల అంచు గుర్తొచ్చింది. అది నువ్వు గీశావనే కదా ఊరంతా అనుకునేది? నేను అలిగితే ఏమన్నావు? "పేరులో ఏముండాదే, కూడు ఒకటే గదా మనకు." పేరులో ఏమీ లేకపోతే మరి అన్నిటికీ నీదే ఎందుకు పెట్టుకున్నావు?

కొట్టింది చెరిపేసి నా పేరు కొట్టాను.

పాత డిస్క్‌లో నీ డిజైన్లన్నీ నీ పేరుతోనే ఉన్నాయి. వాటిని ఎవరి చేతికీ ఇవ్వను, మాటిస్తున్నా. ఇకమీద గీసేవి మాత్రం నావి. నీకు కోపమొస్తే కలలోకి వచ్చి తిట్టు. అట్లయినా రా...

సరోజ