తెడ్డొక్కటే ఒడ్డుకొచ్చే చోట

1968 ఫిబ్రవరి 4, ఆదివారం. తెనాలి

పొద్దున్న బండికి రేపల్లె నుంచి వచ్చి పడ్డాం. ఒళ్ళంతా పులిసిపోయింది. అక్క మాత్రం ఏమీ ఎరగనట్టు వక్క కొరుక్కుంటూ కూచుంది.

నిన్న లైబ్రరీ హాల్లో మా బుర్రకథ. జనం బాగానే వచ్చారు. కథలో పిల్ల నాగులు పడవెక్కింది, తెరచాప ఎత్తింది... అక్కడ ఆగిపోయింది అక్క. తంబురా మోగుతోంది, గజ్జె ఆడుతోంది, మాట లేదు. నాన్న కట్టిన కథ. ముప్ఫై ఏళ్ళుగా చెబుతోంది. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పే మనిషి.

నేను అందుకోకూడదు. తంబురా పట్టినవాళ్ళే కథ చెప్పాలి, వంత పక్కనుంచి అడగాలి — అంతే. నాన్న పెట్టిన కట్టడి. అందుకని గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి అడిగాను, "ఏమక్కా, అప్పుడు తూర్పుగాలి కదా లేచింది?"

"అవునే! తూర్పుగాలి!" — అందుకుంది. బతికాను.

ఎవరూ కనిపెట్టలేదు. అక్క కూడా.

ఫిబ్రవరి 5

పప్పులో రెండుసార్లు ఉప్పేసింది. నేనూ వేస్తాను ఒక్కోసారి. అది లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 8, గురువారం

మోకాలి నొప్పికని అబద్ధం చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అడిగినవాటన్నిటికీ టకటకా జవాబు. నాకే సిగ్గేసింది, లేనిపోని అనుమానం పడ్డానా అని. చివర ఆయన, "మీవారు ఏం చేస్తారమ్మా?" అన్నాడు.

"కథలో హాస్యం ఆయనదేనండి. ఇవాళ రాలేదు."

బావ పోయి నాలుగేళ్ళు. డాక్టరు నా వంక చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు వంక చూశాను.

"దీనికి మందు లేదమ్మా. ఒంటరిగా వదలకండి..."

వదులుతానా. నాకు మాత్రం ఎవరున్నారు?

ఫిబ్రవరి 11, ఆదివారం

నిన్న చెరుకుపల్లి. సొసైటీ హాలు.

అక్క మళ్ళీ ఆగింది. ఆగి, ఎడమ పక్కకి తిరిగింది — బావ నిలబడే చోటికి. "ఏమయ్యా, పలకవేం?"

అక్కడ ఎవరూ లేరు. హాలు గొల్లుమంది. బావ పోయాక హాస్యం కూడా నా నెత్తినే పడింది కదా, ఇదీ అందులో భాగమే అనుకున్నారు. ఏం చెయ్యను? గొంతు బొంగురు చేసి బావలా అన్నాను, "పలుకుతూనే ఉన్నాగా! నీ గజ్జెల గోలలో వినపడితేనా!"

జనం పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అక్క. ఆ మొహంలో వెలుగు... బావ ఉన్నప్పటి వెలుగు. నాకు ఏడుపొచ్చింది. నవ్వేవాళ్ళ మీద ఒళ్ళు మండింది. పాపం, వాళ్ళ తప్పేముంది?

దిగాక సెక్రటరీ గారు, "మర్చిపోయినట్టు నటించడం అదిరిపోయిందండి అమ్మగారూ! బాపట్ల వాళ్ళకి కూడా చెబుతానండి. అది మాత్రం తీసెయ్యకండి."

"అలాగేనండి" అన్నాను. అలాగేనండి! నా నోరు పడిపోనూ.

ఫిబ్రవరి 13

మానేద్దామా అక్కా అన్నాను.

"ఏంటే, ఒంట్లో బాలేదా?" నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "మనం మానేస్తే నాన్న కథ ఎవరు చెబుతారే?"

ఇంట్లో ఉంటే తలుపు గడియ ఎటు తియ్యాలో తడుముకుంటోంది. గజ్జె కట్టిందంటే మళ్ళీ అక్క అవుతుంది, కాసేపయినా. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఫిబ్రవరి 18, ఆదివారం. బాపట్ల

నిన్నటిది రాయాలి. చెయ్యి రావడం లేదు.

యువజన సంఘం హాలు. సూర్యలంక వైపు నుంచి పడవలవాళ్ళ ఆడవాళ్ళు వచ్చి ముందు వరసలో చాపలేసుకున్నారు. వాళ్ళొచ్చేది తెడ్డు కోసం. తండ్రిని వెతుక్కుంటూ నాగులు సముద్రం మీదికి పోతుంది, తుఫాను పడుతుంది, తెల్లారేసరికి తెడ్డొక్కటే ఒడ్డుకొస్తుంది. అక్క ఆ ముక్క పాడితే తడవని కొంగుండదు.

తుఫాను దాకా బాగానే వచ్చింది. ఆగింది. వెనక కుర్చీల్లో అప్పుడే నవ్వులు మొదలు — చెరుకుపల్లి కబురు అందినట్టుంది. ఈసారి బావని పిలవలేదు. తంబురా భుజం మీంచి దించి నా వైపు తిరిగింది.

"రాజ్యం... ఆ పిల్ల ఒడ్డుకి చేరిందా?"

కథ చెప్పేవాళ్ళు అడిగే తీరు కాదు. భయపడి అడిగింది, చిన్నపిల్లలాగా.

"తెడ్డు, అక్కా" అంటే చాలు, అందుకునేది. అనాలి. నోరు తెరిచాను కూడా.

"చేరిందక్కా. చేరింది."

"హమ్మయ్య" అని అక్కడే చతికిలబడింది. నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ముసలామె ఒకామె, "అదేందమ్మా? మరి తెడ్డో?" అంది. గబగబా మంగళం పాడేశాను.

ఫిబ్రవరి 19

బస్సులో పొన్నూరు దాకా నా భుజం మీద నిద్రపోయింది. లేచి, "పిల్ల ఇంటికొచ్చింది, మంచి మాట చెప్పావే" అంది. మొన్న జరిగిందంతా మర్చిపోయి అదొక్కటే గుర్తుపెట్టుకుంది.

నాన్న ఉంటే నా చెంప పగిలేది.

ఫిబ్రవరి 23, శుక్రవారం. తెనాలి

రేపు మళ్ళీ రేపల్లె. ఈసారి పడవలవాళ్ళ పేటలో, వాళ్ళ సంఘం పాకలో. ఏటా పిలుస్తారు. పెద్దమనిషి మా ఇంటిదాకా వచ్చాడు, బాపట్ల సంగతి చెవిన పడి. గుమ్మం దిగువనే నిలబడ్డాడు.

"అమ్మా, చివర మార్చేశారంట గదా... మార్చమాకండి. మా నాయన సముద్రం మీద ఏటకెళ్ళి తిరిగి రాలేదండి. మనిషీ దొరకలా, పడవా దొరకలా. మా అమ్మ ఇంట్లో ఏడవదండి. ఏడాదికొక్కసారి, మీ అక్కగారు తెడ్డు పాడతారే, అక్కడ ఏడుస్తది. అంతే."

కుదరదండి, రాలేమండి అందామనుకున్నాను. అనలేకపోయాను. రేపు వాళ్ళమ్మ ముందే కూచుంటుంది. తెడ్డు అంటే అక్క ఏమైపోతుందో. చేరింది అంటే ఆమె మళ్ళీ ఏడాది ఆగాలి.

ఆయన వెళ్ళిపోయాడు. అక్క వసారాలో గజ్జెలు తుడుచుకుంటోంది, రేపు కథ ఉందని ఎవరూ చెప్పకుండానే. అది మాత్రం ఎలా తెలుస్తుందో!

"రాజ్యం! ఆ పిల్ల చేరిందంటావా?"

ఇన్నేళ్ళూ అడిగేదాన్ని నేను, చెప్పేది తను. పలకాలి. మళ్ళీ పిలుస్తోంది...