రోజుకు ముగ్గురిని పలకరించాలి

సోమవారం, ఉదయం 6.10
రిసార్టు స్పాలో రిసెప్షన్ సీటు ఖాళీ అయింది. ఆదివారం మేనేజర్ మేడమ్ తేల్చేస్తారట. "నోరు విప్పితే సీటు నీది. లేదంటే తువ్వాళ్ల గదే," అన్నారు.
తీర్మానం: రోజుకు ముగ్గురు అతిథులను నేనే ముందు పలకరించాలి.
వాక్యాలు సిద్ధం:
1. శుభోదయం!
2. నిద్ర బాగా పట్టిందా?
3. సముద్రం ఈరోజు ప్రశాంతంగా ఉంది కదా!
అద్దం ముందు పన్నెండుసార్లు సాధన.
"ఎవరితోనే ఆ కబుర్లు?" అంది అమ్మమ్మ.
"అద్దంతో."
"పోన్లే, ఎదురు చెప్పదు."

సాయంత్రం 5.00
ముగ్గురు! (ఒకరు నిద్రలో ఉన్నారు. అయినా పలకరింపు పలకరింపే.)

మంగళవారం
ఒక్కరే. కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకుని పడుకున్న ఒకావిడను "నిద్ర బాగా పట్టిందా?" అన్నాను. మసాజ్ చేసే అమ్మాయిననుకున్నారు. "వచ్చావా? మెడ దగ్గర ఇంకాస్త గట్టిగా." కాదని చెప్పడానికి నోరు రాలేదు. పదిహేను నిమిషాలు నొక్కాను. ఇదీ సంభాషణ కిందే లెక్క.

బుధవారం
వాన. అతిథులు గదులు దాటలేదు. నా తప్పేం లేదు. తువ్వాళ్ల గదిలో నవల, 84 పేజీలు.

గురువారం
సముద్రం హోరు. మూడో వాక్యం పనికిరాదు. రెండోది మంగళవారమే పరువు తీసింది. మిగిలింది ఒకటి. జాగ్రత్తగా దాచుకున్నాను.
పలకరించింది: సున్నా. నవల పూర్తి.

శుక్రవారం, ఉదయం 9.40
చల్లటి తువ్వాళ్లిచ్చి గోల్ఫ్ మైదానానికి పంపారు. నేనక్కడికి వెళ్లడం ఇదే మొదలు. పచ్చిక మధ్య ఒక పెద్దాయన కర్ర పట్టుకుని, తల దించుకుని నిలబడ్డారు. చుట్టూ నలుగురున్నా ఒక్కరూ మాట్లాడటం లేదు. పాపం అనిపించింది.
కాన్వెంటులో రోజూ నాతోనే ప్రార్థన చెప్పించేవారు. గట్టిగా పలకడమంటే నాకు తెలిసింది ఆ గొంతొక్కటే.
"శుభోదయం సార్!"
బంతి జెండా వైపు కాకుండా, గోడ దాటి, పక్కనే ఉన్న మా ఇళ్ల వైపు ఎగిరిపోయింది.
కర్రల సంచి మోసే బాబాయి నెత్తి పట్టుకున్నాడు. "అమ్మాయ్! బంతి కొట్టేటప్పుడు ఇక్కడ గాలి కూడా అడిగి వీస్తుంది!"

9.55
తీర్మానం రద్దు. ఇక జీవితాంతం మౌనం.

సాయంత్రం 6.00
అమ్మమ్మ పెరట్లో నీళ్ల బకెట్‌లోంచి బంతి తీసి చూపించింది. "ముందు నీ గొంతొచ్చింది, వెనకాలే ఇదొచ్చింది. వీధిలో అందరూ నీకు తిరిగి శుభోదయం చెప్పారే!"

శనివారం
కడుపునొప్పి. సెలవు. (కడుపు బాగానే ఉంది.)

ఆదివారం, మధ్యాహ్నం 12.15
"సీటు వేరే అమ్మాయికిచ్చాను," అన్నారు మేడమ్.
తలూపాను. కళ్లు మాత్రం తువ్వాళ్ల దొంతర మీదే పెట్టుకున్నాను.
"గోల్ఫ్ ఆట మొదలుపెట్టే చోట పేర్లు పిలిచే మైకు పాడైంది కదా. 'ఆ శుభోదయం అమ్మాయి ఉండగా మైకెందుకు?' అంటున్నారు మొన్నటి పెద్దాయన. రేపటి నుంచి నువ్వే పిలవాలి."
కాదనబోయి నోరు తెరిచాను. ఆవిడ దాన్ని అంగీకారం అనుకున్నారు.

సోమవారం, ఉదయం 6.10
జాబితాలో నలభై రెండు పేర్లు! అమ్మమ్మ అప్పుడే కుర్చీ తెచ్చి పెరటి గోడ పక్కన వేసుకుంది. వినడానికట.
తీర్మానం, మళ్లీ మొదటి నుంచి: రోజుకు ముగ్గురిని నేనే ముందు పలకరించాలి.
1. శుభోదయం! (బంతి వెళ్లాక.)